సైమి ఎంచిన బోర్డు

హిల్లా తన పాత స్నోబోర్డును దుకాణం బల్లమీద బోర్లా పడుకోబెట్టింది. ముందుకాలి బూటును బిగించే కట్టు కింద చెక్క నిలువునా చీలిపోయి, ఉక్కు అంచు ఊడిన దారంలా బయటికి వేలాడుతోంది.

"పోయింది పాపం," అంది. "ఇంకోటి నువ్వే చూసిపెట్టాలి సైమి. నన్ను వదిలేస్తే బొమ్మ బాగుందని ఏదో ఒకటి ఎత్తుకుపోతాను."

సైమి నవ్వింది. కోర్పిమాకి కొండ పాదంలో ఆ దుకాణం ఆమెదే. కొండమీద నాటిన ఇనుప కమ్మీలపై జారేవాళ్లలో ఎవరికి ఏ బోర్డు నప్పుతుందో చెప్పడంలో ఆమె మాటకు తిరుగులేదు. చాలా ఏళ్లుగా ఆ కమ్మీలమీద అందరికంటే బాగా జారేది ఆమే కనుక, ఆ మాటకు బరువు కూడా ఉండేది. పోయిన శీతాకాలం నుంచి అందరికంటే బాగా జారేది హిల్లా. ఆ సంగతి ఎవరూ సైమి ముందు అనలేదు. అనకుండా జాగ్రత్తపడటమే ఆమెకు గుచ్చుకునేది.

హిల్లాకు ఇరవై నిండాయో లేదో. కమ్మీ మీదకి ఎగిరి ఎక్కినప్పుడు ఆమెలో ప్రయత్నమన్నది కనిపించదు. సైమి ఏళ్ల తరబడి పడి లేచి నేర్చుకున్నదాన్ని ఆ పిల్ల ఎక్కడో మరిచిపోయి వచ్చిన వస్తువును తిరిగి తీసుకున్నట్టు చేసేస్తుంది.

పైగా ఒత్సో వస్తున్నాడు. తాంపెరే నగరంలో ఉంటాడు. ఊళ్లలో మెట్లపక్క కమ్మీలమీద జారేవాళ్లను చిత్రీకరించడం అతని పని. ఈ ఏడు కోర్పిమాకి నుంచి ఒక్కరినే వెంట తీసుకుపోతానని కబురు పంపాడు. ఒకప్పుడు సైమినే పిలిచాడు. అప్పుడు ఆమె మోకాలు కట్టులో ఉంది. "మళ్లీ చూద్దాంలే," అన్నాడు. ఆ 'మళ్లీ' కోసం ఆమె ఇన్నేళ్లు ఎదురుచూసింది.

సైమి గోడవైపు నడిచింది. హిల్లాకు కావలసిన బోర్డు ఏదో ఆమెకు తలుపు తెరుచుకున్నప్పుడే తెలుసు. పసుపుపచ్చది. రెండు కొనలూ ఒకే తీరు, పాదాల మధ్య మెత్తన. తేలికపాటి మనిషి వెనక్కి వాలితే చాలు, విల్లులా వంగుతుంది. సైమి తొక్కే బోర్డూ అదే రకం, అదే పసుపు. ఆమె చెయ్యి దాన్ని దాటి పక్కనున్న నల్లదానిమీద ఆగింది. పెద్ద పెద్ద గెంతులకు చేసింది అది. మహా బిరుసు. బరువైనవాడు తొక్కితేనే లొంగుతుంది.

"ఇది వేగంలో వణకదు," అంది సైమి. "మంచుగడ్డ మీద కూడా పట్టు తప్పదు. నీ ఆట పెరుగుతోంది కదా, బోర్డు చిన్నపిల్లలదైతే ఎలా?"

"పెద్దదాన్నయ్యానంటావా?"

"అయ్యావుగా."

అన్న మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. ప్రతి వాక్యమూ నిజమే. ఎదుటనున్న మనిషికి మాత్రమే అది నిజం కాదు. నిజాలతోనే ఇంత పని జరుగుతుందని సైమికి ఆ క్షణం దాకా తెలియదు.

కోర్పిమాకిలో ఒక అలవాటుంది. కమ్మీలకు వాడే కొత్త బోర్డు అంచుల పదును కొంతమేర చంపాలి, లేకపోతే కమ్మీకి తగులుకుని మనిషిని విసిరికొడుతుంది. ఆ పని బోర్డు సొంతదారు చెయ్యరు. ఎంచి ఇచ్చినవాళ్లు చేస్తారు. ఆకురాయి పడ్డ బోర్డును ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు కాబట్టి, నా ఎంపికకు నేనే పూచీ అని చెప్పడం అది.

సైమి ఆకురాయి తీసింది. హిల్లా మోచేతులు బల్లకు ఆనించి చూస్తోంది. సైమి ఎంతో శ్రద్ధగా అరగదీసింది. పాదాలకు దగ్గరగా ఎక్కువ, కొనలవైపు తక్కువ, చివర్న బొటనవేలితో తడిమి మళ్లీ ఒక్క రాపిడి. అంత నిజాయితీగా ఆమె ఏ బోర్డుకూ పని చెయ్యలేదు. తప్పుడు ఎంపికకు ఇంత మంచి పనితనం ఎందుకు ఖర్చు పెడుతున్నానని తనను తానే అడిగింది. బోర్డు తుడిచి హిల్లాకిచ్చింది.

ఆ తరవాత హిల్లా పడటం మొదలైంది.

చిన్న కమ్మీ మీద పడింది. వంకర కమ్మీ మీద ఇంకా ఘోరంగా పడింది. వెనక కొనమీద వాలి బోర్డును వంచబోతే అది వంగక, ఆమెనే అవతలికి తోసేసింది. జనాన్ని కొండమీదకి లాగే తాడు దగ్గర ముసలి రేయో కాపలా ఉంటాడు. అతని నోటికి మంచి మేత దొరికింది.

"ఏమ్మా, ఇవాళ మంచు మొత్తం నువ్వే చదును చేస్తావా? అలాగైతే యంత్రాన్ని ఇంటికి పంపించేస్తా."

"నేల నామీద మనసు పడింది రేయో. నువ్వు కుళ్లుకోకు."

వరసలో నిలబడ్డ సైమి కూడా నవ్వింది. హిల్లా పడిన ప్రతిసారీ గుండెల్లో ఒక వెచ్చదనం పాకేది, చలిలోంచి వచ్చి వేడి కాఫీ గుటక వేసినట్టు. దాన్ని ఆమె జాలి అనుకోవడానికి ప్రయత్నించింది. జాలి అంత రుచిగా ఉండదు.

ఒక మధ్యాహ్నం హిల్లా దుకాణంలో కూర్చుని చక్కెర అద్దిన మున్కి గారె తింటూ, వేళ్లు నాక్కుంటూ అంది:

"బోర్డు మంచిదే. దానికి నేనే చాలట్లేదు. రోజూ మెట్లెక్కుతున్నాను, కాళ్లు గట్టిపడాలని."

"పడతాయిలే."

"ఒక్కసారి నీది ఇస్తావా? ఊరికే, తేడా చూద్దామని."

ఒకరి బోర్డు ఒకరు తొక్కి చూడటం ఆ కొండమీద మామూలే. ఇద్దరికీ ఎడమకాలే ముందు, బూట్ల కొలతా దాదాపు ఒకటే.

"దాని కట్లు నా మోకాలికి తగ్గట్టు బిగించుకున్నవి," అంది సైమి. "కదపలేను."

హిల్లా తలూపింది. నమ్మింది. సొంత పాదాలు చెబుతున్నదాన్ని కూడా కాదని ఆమె మాటే నమ్మింది.

ఒత్సో వచ్చిన రోజు మధ్యాహ్నం మూడింటికే వెలుగు నీలంగా మారి, స్తంభాల మీద దీపాలు వెలిగాయి. అతను కెమెరా భుజాన పెట్టుకుని వంకర కమ్మీ పక్కన నిలబడ్డాడు. హిల్లా ఎక్కింది, పడింది. మళ్లీ ఎక్కింది, ఈసారి తుంటిమీద పడి కాసేపు లేవలేదు. సైమి వంతు వచ్చినప్పుడు పసుపు బోర్డు చెప్పినమాట విని వంగింది. కమ్మీ చివరిదాకా వచ్చి ఆమె శుభ్రంగా దిగింది.

ఒత్సో ఆమె దగ్గరికొచ్చాడు. "మోకాలు ఎలా ఉంది?"

"చూశావుగా."

"చూశాను. వస్తావా నాతో?" అని, కిందికి చూశాడు. "ఈ పిల్ల గురించి తెగ చెప్పారు. ఇంతేనా?"

సైమి కోరుకున్నది అక్షరం పొల్లుపోకుండా అందింది. ఆనందం వస్తుందని ఒక్క క్షణం ఆగింది. అది రాలేదు. కింద హిల్లా మంచులో మోకాళ్లమీద కూర్చుని, పిడికిలితో తన తొడనే కొట్టుకుంటోంది, మొండి గుర్రాన్ని అదిలించినట్టు. ఇన్నాళ్లు తాను ఎవరిని చూసి రగిలిందో ఆ మనిషి అక్కడ లేదని సైమికి అర్థమైంది. ఆమెను గెలవలేదు, రంగంలోంచి తీసేసింది. ఒత్సో పిలిచింది, ఎదుట ఎవరూ లేనిచోట మిగిలిన మనిషిని.

"ఆగు," అంది ఒత్సోతో. "నువ్వు ఇంకా ఆమెను చూడలేదు."

కిందికి జారి, కట్లు విప్పి, పసుపు బోర్డును హిల్లా ముందు పెట్టింది. అది దయ కాదు. దయ అయితే చేతులు అంత కోపంగా కదిలేవి కావు.

"తొక్కు."

"నీ మోకాలు?"

"తొక్కమన్నానా."

హిల్లా తాడు పట్టుకుని పైకి పోయింది. వంకర కమ్మీ మీదకి ఎగిరి, వెనక్కి ఊరికే అలా వాలింది. బోర్డు వంగింది, సైమి కాళ్ల కింద ఎన్నడూ వంగనంతగా. ముందు కొన గాల్లో లేచి, వంపు దగ్గర కూడా దిగకుండా, చివరిదాకా అలాగే సాగింది. ఒత్సో కెమెరా దించి చూస్తుండిపోయాడు. సైమి కడుపులో పాత మంట నిండుగా, కల్తీ లేకుండా తిరిగొచ్చింది.

హిల్లా కిందికొచ్చి నవ్వలేదు. పసుపు బోర్డును మంచులో నిలబెట్టి అరచేత్తో నొక్కింది. తరవాత నల్లదాన్ని నొక్కింది. మళ్లీ పసుపుదాన్ని.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"దుకాణంలోనే?"

"అక్కడే. నువ్వంటే ఓర్వలేక ఇచ్చాను."

హిల్లా చేతిమీది మంచు దులుపుకుంది.

"బోర్డు సంగతి పోనీ. ఏదో పిచ్చిపని అనుకుంటాను. కానీ నాకు చేతకాదని నమ్మాను చూడు. రాత్రి పడుకుంటే అదే, లేస్తే అదే. అది ఎవరు తిరిగిస్తారు? నువ్విస్తావా?"

"ఇవ్వలేను."

"మరి నన్ను క్షమించమని అడగకు."

"అడగట్లేదు."

"మంచిది. ఇది నేనే ఉంచుకుంటాను." పసుపు బోర్డును చంకలో పెట్టుకుంది. "మోకాలికి బిగించావన్నావు, ఒక్క మర కూడా నాకు అడ్డం రాలేదు."

ఒత్సో హిల్లాకోసం కొండ మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. వెంట తీసుకుపోయేది ఎవరినో సైమికి వేరే చెప్పవలసిన అవసరం లేదు.

సైమి నల్ల బోర్డు కట్లలో పాదాలు దూర్చి బిగించుకుంది. అది ఆమెకూ బిరుసే. తాడు దగ్గరికి వెళ్లేసరికి రేయో ఆమె కాళ్లకేసి, ముందే పైకి పోతున్న హిల్లాకేసి చూసి, ఈసారి వేళాకోళం ఆడలేదు.

"ఎక్కుతావా?" అన్నాడు.

"ఎక్కుతాను."

తాడు ఆమెను పైకి లాగుతుండగా పక్కనే హిల్లా మళ్లీ కమ్మీ మీదుగా సాగిపోయింది. సైమి కళ్లు, తాను ఆపుకునేలోపే, ఆ భంగిమలో తప్పు వెతికాయి. భుజాల్లో చూశాయి, మోకాళ్లలో చూశాయి. ఎక్కడా దొరకలేదు.