తెల్లగడ్డి మీద అడుగులు

కొండల మీది ఆ గోల్ఫ్ క్లబ్బులో మర్యాదలకేం కొదవ లేదు. ఒకరు బంతి కొడుతుంటే పక్కవాడు దగ్గు వచ్చినా మింగేస్తాడు. ఇసుక గుంటలోకి దిగినవాడు బయటికొచ్చే ముందు, గుంట పక్కనే ఉంచే దువ్వెనలాంటి పళ్లకర్రతో తన అడుగులు తానే చదును చేసి రావాలి. ఇవన్నీ మెంబర్లు బుద్ధిగా పాటిస్తారు. చలికాలం పొద్దున్నే గడ్డి మీద నడవొద్దంటే మాత్రం ఒక్కరి చెవికీ ఎక్కదు.

గడ్డి మీద తెల్లగా మంచు పేరుకున్నప్పుడు పోచ లోపలి నీళ్లు కూడా గడ్డకట్టి ఉంటాయి. కాలు వేస్తే పోచ పుటుక్కున విరుగుతుంది. ఆ పూటకేమీ తెలియదు. రెండు రోజులయ్యాక ప్రతి అడుగూ నల్లగా తేలుతుంది, నెలైనా పోదు. బంతి పడే గుంత చుట్టూ నున్నగా కత్తిరించి పెంచే గడ్డి ఉంటుందే, గ్రీన్ అంటారు, దాని మీదైతే మరీ ఘోరం. అందుకే మంచు కరిగేదాకా ఎర్రజెండా కట్టి ఆట మైదానం, అంటే కోర్సు, మొత్తం మూసేస్తారు. ఆ జెండా కట్టడం, ఆ గడ్డిని కంటికి రెప్పలా చూసుకోవడం క్లబ్బు క్వార్టర్స్‌లోనే కాపురముంటున్న ఆమె ఉద్యోగం. ఆమెకు ముందు ముప్పై ఏళ్లు అది ఆమె మావగారి ఉద్యోగం. పని నేర్పిందీ ఆయనే. కొత్తలో ఓసారి తెలియక ఆమె మంచుగడ్డి మీద రెండడుగులు వేస్తే, ఆ మచ్చలు పోయేదాకా ఆయన ఆమెతో మాట్లాడలేదు.

ఇప్పుడాయనకు మనుషులు గుర్తుండడం లేదు. కొడుకుని ఒక్కోసారి తమ్ముడనుకుంటాడు. భోంచేసిన సంగతి మరిచిపోయి మళ్లీ కంచం ముందు కూర్చుంటాడు. చెప్పకుండా బయటికి వెళ్లిపోవడం మొదలయ్యాక, క్వార్టర్స్ వెనక తలుపుకి బయటివైపు గడియ పెట్టించారు. ఆ తలుపు తీస్తే ఎదురుగా కోర్సే.

ఆ రోజు తెల్లారుతూనే జెండా కట్టాలన్న హడావుడిలో ఆమె తలుపు లాగింది గానీ గడియ వేయలేదు. మెషిన్ షెడ్డులో ఉండగా భర్త ఫోన్ చేశాడు.

"నాన్న మంచం మీద లేడు. వెనక తలుపు తీసుంది. స్వెట్టర్ ఇక్కడే ఉంది."

 గడియ సంగతి ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది, నోటితో చెప్పే ధైర్యం లేకపోయింది. షెడ్డు గోడకున్న థర్మామీటరు సున్నాకి నాలుగు డిగ్రీలు కింద చూపిస్తోంది. పలచటి చొక్కాతో డెబ్బై ఆరేళ్ల మనిషి ఆ చలిలో ఎంతసేపు ఉండగలడు? గేటు వాచ్‌మన్‌ని అడిగితే ఇటు ఎవరూ రాలేదన్నాడు. అంటే కోర్సులోనే ఎక్కడో ఉన్నాడు.

భర్తను కంచె వెంట, వాచ్‌మన్‌ని ముందు వైపు వెళ్లమంది. దారులు మాత్రం చూడండి చాలు, గడ్డి జోలికి పోకండి అని గట్టిగా చెప్పింది. మావగారు తన పేరు మరిచిపోవచ్చు, ఇల్లు మరిచిపోవచ్చు. మంచుగడ్డి మీద మాత్రం చచ్చినా కాలు పెట్టడు. ఆ నమ్మకంతోనే ఆమె వెనక వైపు సిమెంటు దారి పట్టుకుని పరిగెత్తింది.

నాలుగో గ్రీన్ దగ్గర ఒళ్లు మండిపోయింది. తెల్లటి గడ్డి మీద ఈ చివర నుంచి ఆ చివరకి అడుగులు. ఎవరివో చెప్పక్కర్లేదనుకుంది. ఓ మెంబరున్నాడు, పళ్ల డాక్టరు. ఎర్రజెండా తనకు కాదన్నట్టు, పొద్దున్నే కంచె సందులోంచి దూరి నాలుగు బంతులు కొట్టి పోతుంటాడు. పనివాళ్లంతా ఆయన్ని తొందర డాక్టరంటారు. ఈసారి సెక్రటరీ ముందు పెట్టి కడిగేయాలనుకుని, అంత కంగారులోనూ ఆగి ఫోన్‌తో రెండు ఫొటోలు తీసింది. గ్రీన్ చుట్టూ తిరిగి ముందుకెళ్లింది.

పంపు గది చూసింది. వాన వస్తే తలదాచుకునే షెడ్డు చూసింది. మలుపు మలుపు దగ్గరా "మావయ్యా" అని గొంతు చించుకుని పిలిచింది. ఎక్కడా అలికిడి లేదు. ఇరవై నిమిషాలు గడిచాయి. చెవులు నొప్పి పుడుతున్నాయి. కోటు వేసుకున్న తనకే ఇలా ఉంటే, ఆ చొక్కాతో ఆయన పరిస్థితేమిటి? ఆ ఆలోచనను అక్కడే ఆపేసింది.

వాచ్‌మన్ ఫోన్ చేసి ముందు వైపు లేడన్నాడు. డాక్టరు కనిపించాడా అని అడిగింది.

"డాక్టరు ఊళ్లోనే లేడక్కా. వారమైంది వెళ్లి. ఇవాళ లోపలికి ఒక్కళ్లూ రాలేదు."

అయితే ఆ అడుగులు డాక్టరువి కావు. వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తింది. నాలుగో గ్రీన్ దగ్గర వంగి చూస్తే అప్పుడు తెలిసింది. గోల్ఫ్ బూట్ల అడుగున ఉండే మేకుల గుర్తుల్లేవు. అరిగిన చెప్పులు. మావగారు ఎప్పుడూ ఈడ్చి నడిచే కుడి కాలి గీత. ఇరవై నిమిషాల కిందట ఫొటో తీసినప్పుడు కూడా ఆ గీత అక్కడే ఉంది. అడుగులు తిన్నగా గ్రీన్ దాటి, అవతలి నీటి మడుగు వైపు వెళ్లాయి.

అక్కడ కూడా ఆమె కాలు గడ్డి మీదకి లేవలేదు. ఎన్నేళ్ల అలవాటో, ఒళ్లు దానంతటదే దారి వైపు తిరిగింది. పదడుగులు చుట్టూ నడిచాక గానీ తానేం చేస్తోందో ఆమెకు తెలియలేదు. తనను తాను బండబూతులు తిట్టుకుంది. వెనక్కి తిరిగి గ్రీన్ మధ్యలోంచి పరిగెత్తింది. కాళ్ల కింద గడ్డి కరకరమంటోంది.

మడుగు ఒడ్డున ఒక చెప్పు పడి ఉంది. అంచున పేరుకున్న మంచు పలక విరిగి, ఆ సందులో నల్లటి నీళ్లు కదులుతున్నాయి. ఆమె నీళ్లలోకి వంగి చూసింది.  ఒడ్డు పక్కనున్న ఇసుక గుంట చూసింది. ఇసుక ఎవరూ అడుగుపెట్టనట్టు చదునుగా ఉంది. అటు వెళ్లలేదంటే ఇక నీళ్లలోకే. భర్తకి ఫోన్ చేయబోయింది.

ఇసుక మీద కర్ర గీరిన చప్పుడైంది.

గుంట అవతలి గట్టు చాటున, గాలి తగలని మూలలో, ఆయన వంగి నిలబడి పళ్లకర్రతో ఇసుక సర్దుతున్నాడు. తన అడుగులు తానే చెరుపుకుంటూ అంత దూరం వెళ్లాడు. ఒక కాలికి చెప్పు లేదు, వేళ్లు నీలమెక్కాయి. మంచు ఎంత మందాన ఉందో చూడ్డానికి ఆ కర్రతోనే మడుగు అంచు పొడిచినట్టున్నాడు, కర్ర కొన తడిగా ఉంది. ఆమె కోటు విప్పి ఆయనకు చుట్టింది. ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. భర్తకి ఫోన్ చేసి, దొరికారు, బండి తీసుకురండి, నాలుగో గ్రీన్ అని మాత్రం చెప్పగలిగింది.

ఆయన ఆమెను చూడడం లేదు. గట్టు మీంచి గ్రీన్ వైపు చూస్తున్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నా కళ్లల్లో పాత కోపం కనిపించింది.

"ఎవరది, దాని మీద నడిచింది?"

"నేనే మావయ్యా."

"రెండు వరసలున్నాయి."

ఆమె కళ్లు తుడుచుకుంది. "రెండూ నావే."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. కొత్తగా పనిలో చేరినవాళ్లను అలాగే చూసేవాడు.

"నీకు బుద్ధుందా అమ్మాయ్? ఎల్లుండికి మొత్తం నల్లబడుతుంది. ఈ పని నీకెవరు నేర్పారు?"

 ఆమె ఆయన పాదం రుద్దుతూనే ఉంది.

"రేపు ఆ నేర్పినవాణ్ణి నా దగ్గరికి తీసుకురా" అన్నాడాయన.

"తీసుకొస్తాను మావయ్యా" అంది ఆమె.