ఆరో నంబరు జత

ఆమె పాత పళ్ళబ్రష్షుని సబ్బునీళ్ళలో ముంచి బూట్లు తోముతోంది. తన బూట్లు కావు, దుకాణానివి. ఒకప్పుడు బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు వేసుకున్న తరహాలో, చీలమండ కిందే ఆగిపోయే తెల్లతోలు జత. ఇప్పుడు ఆడవాళ్ళకి అదే ఫ్యాషన్. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా కంపెనీ ఒక్క నమూనా జత పంపుతుంది, ఎప్పుడూ ఆరో నంబరే. నిలబడి అమ్మే మనిషి దాన్ని తొడుక్కుని దుకాణమంతా తిరగాలి. ఆమె పాదం ఏడు.

"కాలు చిన్నగా కనబడితేనే బూటుకి అందమమ్మా," అన్నాడు మేనేజరు మొదటిరోజే. "ఇంకోమాట. వేళ్ళ దగ్గర తోలు ముడత పడకూడదు. సోమవారం కంపెనీ మనిషొచ్చి చూస్తాడు."

అందుకని వేళ్ళు వంచకుండా నడవడం నేర్చుకుంది. పదిగంటలు కొయ్యకాళ్ళ మీద తిరిగినట్టు తిరుగుతూ, "దూదిమీద నడిచినట్టుంటాయండీ" అని ఎంతమందికి అంటగట్టిందో. బొటనవేలి గోరు నల్లబడి, మెల్లగా లేచి, ఒకరోజు మేజోడులోనే ఊడిపోయింది. చూపిస్తే అత్తగారు వంగి కూడా చూడలేదు. "పడవల్లాంటి పాదాలు పెట్టుకుని షోకులెందుకు?" అంది. భర్త రోజంతా ఆఫీసు కుర్చీలో కూర్చుని వచ్చిన మనిషి. టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "ఏసీలో నిలబడ్డానికి జీతమిస్తున్నారు, ఇంకేం కావాలే నీకు? ఇటురా, కాసేపు కాళ్ళు పట్టు." పట్టింది. పదేళ్ళుగా పడుతూనే ఉంది. అవి ఎంత మెత్తని కాళ్ళో ఆరోజే తెలిసింది.

ఆమెకి కావలసింది ఒక్కటే, బిల్లుల కౌంటరు వెనకున్న కుర్చీ. అక్కడి మనిషి మానేస్తోందని తెలిసి మేనేజరుని అడిగింది.

"నువ్వు కూర్చుంటే నమూనా జత ఎవరేసుకుంటారు? మనిషిని తెచ్చుకో, కుర్చీ ఎక్కు."

తెచ్చుకుంది. పక్కవీధి పిల్ల, పెళ్ళై ఆర్నెల్లు. ఉద్యోగం దొరికిందని మొహం చేటంత చేసుకుని వచ్చింది. బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పింది. ఎన్నో పాదాలు కొలిచిన కన్ను ఆమెది; చూడగానే తెలిసిపోయింది. ఏడున్నర.

"బిగుతుగా ఉన్నాయే అక్కా! నిన్ను బాధపెట్టలేదూ?"

"నన్నా? లేదమ్మా. తోలు సాగుతుంది," అంటూ ఆమె ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని లేసులు లాగి కట్టింది.

"నువ్వున్నావని చెబితేనే మా ఆయన పంపించాడక్కా. మనమ్మాయి ఉందిగా, చూసుకుంటుందిలే అన్నాడు."

ఆమె ఇంకొక ముడి వేసింది.

కుర్చీలో కూర్చున్నాక మొదటి గంట ఆమె ఏమీ ఆలోచించలేదు. అరికాళ్ళు నేలకి ఆనకుండా కాళ్ళు చాపుకుని, అలా ఉండిపోయింది. మధ్యాహ్నానికి ఆ పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. సాయంత్రం రద్దీ తగ్గాక కౌంటరు దగ్గరికి వచ్చింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. కుర్చీ పక్కన ఖాళీగా ఉన్న స్టూలు కేసి చూసింది.

"అక్కా, రెండు నిమిషాలు కూర్చోనా? మేనేజరుగారు లేరుగా."

నిజమే, మేనేజరు లేడు. కొనేవాళ్ళూ లేరు. దుకాణంలో ఉన్నది వాళ్ళిద్దరే.

ఆమె స్టూలుని కాలితో కౌంటరు కిందికి నెట్టేసింది.

"ఇవాళ కూర్చోవడం మరిగితే రేపు నిలబడలేవే," అంది.

ఆ మాట ఆమెకి ఎవరూ నేర్పలేదు.