కాయలు కట్టని ఈత

ఆ ఉదయం మా ఇంట్లో గొడవ రెండు ఎండు కొబ్బరికాయల మీద. నేను వాటిని సంచి అడుగున పెట్టి, పైన తువ్వాళ్ళు సర్దాను. మా ఆయన మన్మథరావు జీడిపప్పు డబ్బాలు పెట్టడానికి సంచి తెరిచి, తువ్వాళ్ళు తీసి, కాయల్ని బయటికి లాగి గుమ్మం దగ్గర పడేశారు. నేను మళ్ళీ తెచ్చి పెట్టాను. ఆయన మళ్ళీ తీశారు.

"ఈటిని విశాపట్నం మోసుకెల్తావేటి? మీ తమ్ముడి పెళ్ళాం నవ్వుద్ది," అన్నారు.

నవ్వితే నవ్వనివ్వండి అన్నాను. డబ్బాలు చేత్తో పట్టుకోవచ్చు కదా అన్నాను. వాటి మూతలు వదులుగా ఉన్నాయని ఆయన, ఆ సంగతి కొనేటప్పుడే చూసుకోవలసిందని నేను. రైలుకు ఇంకా టైముంది గనక ఇద్దరం తీరిగ్గానే కీచులాడుకున్నాం. చివరికి కాయలు గుమ్మం పక్కనే ఉండిపోయాయి.

మా అమ్మాయి ఐశ్వర్య జడ వేసుకుంటూ అంతా చూసింది. కాయల్ని సంచిలో పెట్టమని ముందురోజు సాయంత్రం నన్ను అడిగింది అదే. పెరట్లో ఆరిన బట్టలు తీస్తుంటే వెనకాలే వచ్చి, "అమ్మా, కాయలు లేకపోతే మునిగిపోతానేమో. నాన్నకి సెప్పకు," అంది. పదమూడేళ్ళ పిల్ల.

మా అత్తవారింటి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మందస దగ్గర వాళ్ళ కొబ్బరితోటలో పెద్ద నుయ్యి ఉంది. పిల్లలకు ఈత నేర్పేటప్పుడు పీచు తియ్యని ఎండుకాయలు రెండు జతగా కట్టి, ఆ తాడును చంకల కిందుగా బిగిస్తారు. మా చుట్టుపక్కల అలా నేర్పడం కొత్తేమీ కాదు. అందరూ కొన్నాళ్ళకు విప్పేస్తారు. వీళ్ళింట్లో విప్పరు. మా మామగారి తమ్ముడు చిన్నతనంలో ఆ నూతిలోనే పోయాడట. అప్పటినుంచి, ఎంత ఈతగాడైనా సరే, కాయలు కట్టుకోకుండా మెట్టు దిగకూడదని పెద్దలు కట్టుబాటు పెట్టారు. మీసాలు నెరిసిన మగవాళ్ళు కూడా చొక్కా విప్పి గట్టు మీద పెట్టినంత మామూలుగా కాయలు కట్టుకుని దూకుతారు. మా ఆయన ఆ నూతిని ఈ గోడ నుంచి ఆ గోడకు అలుపు లేకుండా ఈదుతారు. పక్క తోటల పిల్లలకు ఈత నేర్పింది కూడా ఆయనే. అక్కుపల్లి సముద్రానికి వెళ్ళినప్పుడు మాత్రం, ఉప్పునీళ్ళు ఒంటికి పడవని ఇసుకలో కూర్చుంటారు.

రైల్లో ఐశ్వర్య కిటికీకి తల ఆనించి నిద్రపోయాక ఆయనతో మెల్లగా అన్నాను, కాయలు లేకుండా అది ఎప్పుడూ నీళ్ళలోకి దిగలేదు, ముందు లోతు లేని వైపు దింపుదామని. ఆయన నన్ను జాలిగా చూశారు. ఇన్నేళ్ళుగా ఈదుతున్న పిల్లకు ఈత రాకపోవడమేమిటన్నారు. కాయలు పేరుకేనట. బొట్టు పెట్టుకున్నట్టు అదొక ఆచారమట.

"నీకు నీల్ల సంగతి తెల్దు. ఊరుకో," అన్నారు.

నీళ్ళ సంగతి నాకు తెలియని మాట నిజమే. తాడు సంగతి తెలుసు. తోట నుంచి వచ్చిన ప్రతిసారీ పిల్ల చంకల కింద కందిన చోట కొబ్బరినూనె రాసేది నేను. పేరుకు కట్టిన తాడైతే అంత గట్టిగా ఒరుసుకోదు.

విశాఖపట్నంలో మా తమ్ముడు ధనుంజయ్ ఇంటికి రెండు వీధుల అవతల ఈతకొలను ఉంది. వేసవి సెలవుల్లో ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. పొద్దున్నే ఒక గంట ఆడవాళ్ళకు, ఆ తరవాత అందరికీ. ఈ కబురు ఫోన్లో విన్నప్పటి నుంచి ఐశ్వర్యకు వేరే ధ్యాస లేదు. దాని స్నేహితురాళ్ళు సముద్రంలో అలలకు ఎదురు వెళ్తుంటే అది చంకల కింద కాయలు కట్టుకుని వెళ్ళలేక ఒడ్డున చెప్పులకు కాపలా కాస్తుంది. మా ఆయన ధ్యాస వేరు. పట్నం పిల్లల మధ్య తన కూతురు ఈదుతుంటే చూడాలి.

మర్నాడు అందరూ దిగే వేళకు వెళ్ళాం. నీలం పలకల మీద నీళ్ళు మెరుస్తున్నాయి. గాలి నిండా బ్లీచింగు వాసన. తల్లులు ఇనుప వల ఇవతల సిమెంటు మెట్ల మీద కూర్చున్నారు. వల అవతలికి మగవాళ్ళు, పిల్లలు వెళ్తున్నారు. కొలనుకు అడ్డంగా రంగు బిళ్ళల తాడు కట్టి ఉంది. ఇటు పక్క చిన్నపిల్లలు కేరింతలు కొడుతున్నారు. అటు పక్క నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి.

లోతు వైపు దిగాలంటే ఈత మాస్టారి ముందు ఒకసారి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు ఈది చూపించాలి. అతను పొడవాటి వెదురుగడ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన అతనికి సాయంగా ఇంకో కుర్రాడు. ఈత వచ్చా అని అతను ఐశ్వర్యను అడిగాడు. జవాబు మా ఆయన చెప్పారు.

"ఉద్దానం పిల్లండి. నూతిలో ఈదిన పిల్ల. దానికి రాకపోటమేటి?"

నేను ధనుంజయ్ వైపు చూశాను. అక్కడ మనుషులున్నారు కదక్కా, భయపడకు అన్నాడు. నేను లేచి, చెప్పులు విడిచి, వల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. ఆడవాళ్ళు ఇటు రాకూడదని ఎవరో అంటున్నారు. తడి పలకల మీద కాలు జారుతోంది. మాస్టారి దగ్గరికి వెళ్ళి, "అమ్మాయికి ఈత రాదండి. ఇంతవరకూ ఎండుకాయలు కట్టుకునే ఈదింది," అన్నాను.

మా ఆయన నవ్వారు. మా ఇంటిదానికి నీళ్ళంటే భయం అని అతనికి చెప్పారు. అతను నవ్వలేదు. ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, ఐశ్వర్య వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పమ్మా. వచ్చా, రాదా?"

అది నా వైపు చూడలేదు. వాళ్ళ నాన్న ముఖం చూసింది. ఆ ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది.

"వచ్చు," అంది.

నేను దాని చెయ్యి పట్టుకునే లోపల నిచ్చెన దిగి, ఒడ్డును కాలితో తన్ని, వెళ్ళిపోయింది. మొదట బాగానే సాగింది. చేతులు అలవాటుగా నీటిని చీలుస్తున్నాయి. మా ఆయన నా వైపు తిరిగి కనుబొమలెగరేశారు. అప్పుడే దాని ఛాతీ కిందికి దిగింది. ఎప్పుడూ అక్కడ ఎత్తిపట్టేది ఏదో ఉంటుంది గదా, ఒళ్ళు దానికోసం చూసినట్టు ఒక్క క్షణం చేతులు ఆగాయి. ఆ క్షణంలోనే కాళ్ళు బరువెక్కాయి. గడ్డం మునిగింది. తరవాత తలకు పెట్టుకున్న ఈతటోపీ మాత్రమే కనిపించింది. తరవాత అదీ లేదు.

మాస్టారు గడ చాచాడు. ఈలోగా నా పక్క నుంచి మా ఆయన ప్యాంటుతోనే దూకేశారు. పెద్ద చప్పుడైంది. రెండు బారలు వేశారు. ఆ తరవాత ఆయన కూడా, సరిగ్గా కూతురిలాగే, ఛాతీ దగ్గర నుంచి దిగిపోయారు. ఒక చెయ్యి పైకి లేచింది, వేళ్ళు విప్పి.

ఐశ్వర్యకు గడ అందింది. దాన్ని రెండు చేతులా కావిలించుకుని, దగ్గుతూ ఒడ్డుకు వచ్చింది. ఆయన కోసం కుర్రాడు దూకవలసి వచ్చింది. ఆయన అతని మెడ పట్టుకోబోతే విదిలించుకుని, వెనక నుంచి చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చాడు. ఆయన గట్టు మీద బోర్లా పడుకుని నీళ్ళు కక్కారు. ప్రాణానికి ప్రమాదమేమీ లేదని తేలాక అటు పక్క చిన్నపిల్లలు కిసుక్కుమన్నారు. ధనుంజయ్ భయం దిగి, నోరు ఊరుకోలేక, "నలుగురికి ఈత నేర్పినోడివి, మునగటం ఎక్కడ నేర్సుకున్నావు బావా?" అన్నాడు. ఆయన తల ఎత్తలేదు.

నేను పిల్లను తువ్వాలులో చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. పళ్ళు టకటకమంటున్నాయి. ఇంటికి వెళ్దామా అని అడిగాను. ఒణుకు తగ్గాక తువ్వాలు నా చేతిలో పెట్టి లేచి వెళ్ళి, మాస్టారితో, "సార్, నాకు రాదు. ఆ పక్క దిగొచ్చా?" అంది.

అతను దించాడు. తనలో సగం లేని పిల్లల మధ్య ఒడ్డున ఇనుప కడ్డీ పట్టుకుని, ముఖం నీళ్ళలో ముంచి, బుడగలు ఊదడం దగ్గర మొదలుపెట్టింది. టైము అయిపోయిందని ఈల వేసేవరకు బయటికి రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కాళ్ళు వాటంతటవే పైకి వత్తన్నాయమ్మా. ఊపిరి పట్టి ఊరుకుంటే చాలు," అని నా చెవిలో చెప్పింది. రేపు ఏ వేళకు రావాలో అప్పటికే మాస్టారిని అడిగి తెలుసుకుంది.

ఇంటికి నడిచినంత సేపూ మా ఆయన మాకంటే ముందు నడిచారు. తడిప్యాంటు కాళ్ళకు అంటుకుపోతోంది. పిల్ల రెండుసార్లు పరుగెత్తి ఆయన్ని కలుసుకోబోయింది. ఆయన నడక వేగం పెంచారు.

మధ్యాహ్నం మా మరదలు చందువల పులుసు పెట్టింది. ఆమెకు జరిగింది ధనుంజయ్ వంటింట్లో చెప్పినట్టున్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా వడ్డిస్తోంది. పులుసు బాగుందనో ఎండ పెరిగిందనో ధనుంజయ్ రెండు మాటలు కదిపి చూశాడు. ఐశ్వర్య చేపముక్కలో ముల్లు తీస్తూ కూర్చుంది. నేను అన్నం గిన్నె పట్టుకుని ఉన్నాను.

మా ఆయన పులుసు కలుపుకోకుండానే చెప్పారు.

"రేపు పొద్దుటి బండికి ఎల్పోతన్నాం. ముగ్గురం. ఈ పిల్ల ఇంక నీల్లల్లో దిగేది లేదు. ఇంటికెల్లీసి నూతి మీద కూడా పలకలు ఏయించెత్తాను."

ఐశ్వర్య చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఈసారి అది వాళ్ళ నాన్న వైపు చూడలేదు. తల వంచుకుని, ఊపిరి పట్టుకుని ఉంది.

పిల్ల ప్రాణం గురించిన భయమే అయితే ఆయన దాన్ని దగ్గరికి తీసుకుని ఉండేవారు. పొద్దుటి నుంచి ఆ పని చెయ్యలేదు. నేను ఆయన కంచంలో అన్నం వడ్డించి, గిన్నె కింద పెట్టాను.

"రేపు మీరు ఎల్లండి," అన్నాను. "నేనూ ఐశ్వర్యా ఉంటాం. సెలవులు అయ్యేవరకు అది ఇక్కడ ఈత నేర్చుకుంటాది. పొద్దున్న ఆడవాళ్ళ గంటకి దాంతోపాటు నేనూ నీళ్ళల్లోకి దిగుతన్నాను."