గొలోబా పాతిన మైలురాయి

గొలోబా ఫోనుకి ఆ సందేశం వచ్చి నాలుగు రోజులైంది. ఇంటి వీడియో లైనును ఫోర్ కె కి మార్చుకోవాలంటే ఒకటి నొక్కాలట, వద్దనుకుంటే రెండు నొక్కాలట. ఆదివారం లోపల తేల్చెయ్యాలట. ఈ రోజుల్లో ఒక కంపెనీ మనిషిని ఇంత మర్యాదగా అడగడమే అరుదు. గొలోబా ఒకటీ నొక్కలేదు, రెండూ నొక్కలేదు. ఫోను బోర్లా పెట్టి దాని మీద తన టోపీ పెట్టాడు.

టీవీ మాత్రం కొత్తది. కూతురు బబిర్యె పనితనం మెచ్చి ఆఫీసువాళ్లు బహుమతిగా ఇచ్చారు. ముందుగది గోడలో సగం అదే ఉంది. అంత పెద్ద తెర మీద పాత లైను బొమ్మ ఉడికించి మెదిపిన అరటికాయ మటోకెలా పరుచుకుంటుంది. ముక్కు ఎక్కడ ఆగిందో, చెంప ఎక్కడ మొదలైందో చూసేవాడి ఇష్టం. లైను గొలోబా పేరు మీద ఉంది కాబట్టి నొక్కాల్సింది ఆయనే.

"ఇంత పెద్ద టీవీ పెట్టుకుని మొహాల్లేని మనుషుల్ని చూస్తున్నాం నాన్నా," అంది బబిర్యె.

"మొహాలెందుకు? ఎవరెవరో నేను చెబుతున్నాగా."

"అదే నేననేది. బొమ్మ బాగుంటే నీకు అంత గొంతు చించుకునే పనుండదు."

తండ్రికి విశ్రాంతి ఇద్దామని పాపం ఆ పిల్ల ఉద్దేశం. విశ్రాంతి అన్న మాట వినగానే గొలోబాకి ఒళ్లు మండింది. ఆయన్ని జీవితంలో ఒక్కసారే విశ్రాంతి తీసుకోమన్నారు, ఆ రోజుతో ఆయన ఉద్యోగం పోయింది.

ఇరవై ఏడేళ్లు ఆయన కంపాలా వీడియో హాళ్లలో వీజే. తెర పక్కన మైకు పట్టుకుని కూర్చునేవాడు. తెర మీద వాళ్లు చైనా భాషలో తన్నుకుంటుంటే గొలోబా నోట్లో వాళ్లు లుగాండాలో తిట్టుకునేవారు. పేర్లు ఆయనవే, తిట్లు ఆయనవే, ఒక్కోసారి కథ కూడా ఆయనదే. మొదటి ఆటలో చచ్చినవాడు రెండో ఆటలో కనిపిస్తే వాడి కవల తమ్ముడు కాటో అని చెప్పి దాటేసేవాడు. తనే కవలపిల్లల తండ్రి, అందుకే ఊరంతా సాలోంగో అని పిలిచే మనిషి, ఆయన మాట కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? తర్వాత ఎవరి సినిమా వాళ్ల అరచేతిలోకి వచ్చింది. హాళ్లు ఒకటొకటిగా చర్చిలయ్యాయి, కోళ్ల దాణా కొట్లయ్యాయి. మైకు బట్టలో చుట్టుకుని అలమార పైకెక్కింది.

మిగిలింది ఆదివారం ఒక్కటే. క్యెబాండో గుట్ట మీది ఆ సందులో వాళ్లు పదిమంది దాకా, చర్చీ భోజనాలూ అయ్యాక, గొలోబా ముందుగదిలో చేరతారు. అయిదు నెలలుగా ఒక టర్కీ సీరియల్ నడుస్తోంది. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి గానీ, అవి బొమ్మలోనే కలిసిపోయి వస్తాయి. బొమ్మ ఎంత మసకో అవీ అంతే, చీమల బారులా పాకిపోతాయి. టర్కీ భాష ఆ గదిలో ఎవరికీ రాదు. గొలోబాకీ రాదు. అది ఆయనకెప్పుడూ అడ్డం కాలేదు.

అడ్డమల్లా కతెండె మేష్టారే. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. మంచి కుర్చీ ఆయనకే, కళ్లజోడు ఆయనకే, అనుమానం కూడా ఆయనకే.

"సాలోంగో, ఆవిడ పెదవులు రెండుసార్లు కదిలాయి. నువ్వు ఇరవై మాటలు చెప్పావు."

"టర్కీ భాష క్లుప్తం మేష్టారూ."

ఇలాంటివాటికి గొలోబా జంకే రకం కాదు. ఆయన భయమంతా తలుపు దగ్గర చాప మీద కూర్చునే నసూనా గురించి.

నసూనా ఆడవాళ్లు పండగలకి కట్టుకునే గోమెసిలు కుడుతుంది. ఆమె భర్త తొమ్మిదేళ్ల కింద సరస్సు మీద చేపల పడవలో వెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ప్రతి ఆదివారం చేటలో వేరుశనగలు తెచ్చుకుని, రాళ్లేరుతూ కథ వింటుంది. తక్కువ మాట్లాడుతుంది. గొలోబా భార్య పోయి ఆరేళ్లు. ఆయన రెండుసార్లు రొట్టె, చక్కెర కొనుక్కుని, ఎవరింటికైనా వెళ్లే మనిషిలాగే బయల్దేరి, నసూనా గేటు దాకా వెళ్లాడు. రెండుసార్లూ అక్కడినుంచే తిరిగొచ్చి ఆ రొట్టె తనే తిన్నాడు. మూడొందల మంది ముందు గొంతు తడబడని మనిషికి ఒక గేటు ముందు తడారిపోయింది.

సీరియల్ నాలుగో భాగంలో కథానాయిక మొగుడు, గొలోబా ముకాసా అని పేరు పెట్టినవాడు, ఎక్కిన పడవ తిరగబడింది. మర్నాడు ఒడ్డున ఒక చొక్కా. ఆ తర్వాత తెల్లగా నిలబెట్టిన ఒక రాయి, దాని ముందు కథానాయిక మోకాళ్ల మీద. అది సమాధి అని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. గొలోబా నోరు తెరిచి చెప్పబోయాడు. చాప వైపు చూశాడు. చేటలో నసూనా చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"అది మైలురాయి," అన్నాడు గొలోబా. "ముకాసా చావలేదు. అవతలి ఒడ్డున జాలర్లు పట్టుకుని బయటికి లాగారు. వస్తాడు."

నసూనా చేతులు మళ్లీ కదిలాయి. గొలోబా హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఒక అబద్ధానికి తోడు మరో అబద్ధం కావాలని ఇరవై ఏడేళ్లు ఆ వృత్తిలో ఉన్నవాడికి ఒకరు చెప్పాలా? అయినా ఆ పిచ్చి కథానాయిక ప్రతివారం ఆ రాయి దగ్గరికి వెళ్లి ఏడుస్తుందని ఆయన మాత్రం ఏం కలగన్నాడు? మైలురాయి దగ్గర ఏడవడం దేనికని కతెండె అడిగితే, మొగుడు ఇంకా ఎన్ని మైళ్లు నడవాలో చూసుకుని ఏడుస్తోందన్నాడు. పువ్వులెందుకంటే, దారి తప్పకుండా గుర్తుకన్నాడు. ఇక కథలోకి రొట్టెలు కాల్చేవాడొకడు వచ్చాడు. రోజూ పొద్దున్నే రొట్టె పట్టుకుని ఆమె గడపలో నిలబడతాడు. మొగుడు బతికుండగా పెళ్లాం గడపలో నిలబడేవాడు మంచివాడెలా అవుతాడు? గొలోబా వాణ్ణి దొంగను చేశాడు. ఆమె ఇంటి స్థలం మీద కన్నేసినవాడిగా, గుంటనక్కగా, వారం వారం తిట్టించాడు. సందంతా వాణ్ణి అసహ్యించుకుంది.

ఇప్పుడు ఒక్క బొత్తాం నొక్కితే ఇదంతా బట్టబయలవుతుంది. కతెండె అక్షరాలు చదువుతాడు. సాలోంగో ఇరవై ఏడేళ్లుగా కోతలు కోశాడని అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వారు, పోయేదేముంది. నసూనా ఆ రాయిని చూస్తుంది. తన మొగుడు రెండోసారి పోయినట్టు లేచి వెళ్లిపోతుంది, మళ్లీ ఏ ఆదివారమూ రాదు. అది తను తట్టుకోలేడని గొలోబాకి బాగా తెలుసు.

నొక్కకపోతే కూతురు ముభావం, సందంతా గొణుగుడు. "మంచి బొమ్మ వస్తానంటే వద్దనేవాడికి ఏదో భయముండాలి," అన్నాడు కతెండె, సందు మొగలో నలుగురూ వినేలా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గొలోబా కాలరు సర్దుకున్నాడు.

శనివారం పొద్దున తేల్చుకుందామని నసూనా ఇంటికి బయల్దేరాడు. ఈసారి కావాలనే రొట్టె కొనలేదు. రొట్టెతో వెళ్తే ఆ గుంటనక్కలా ఉంటుందని. నసూనా వరండాలో మిషను ముందు కూర్చుని ఉంది. గొలోబా గేటు బయటే నిలబడ్డాడు.

"ఆ ఫోర్ కె సంగతి అడుగుదామని వచ్చాను నసూనా. నొక్కమంటావా, వద్దా?"

"నన్నడుగుతారేం? టీవీ మీది."

"చూసేది మీరందరూ కదా."

నసూనా పంటితో దారం తెంపింది. "నొక్కండి. ఆ రాయి నాకు దగ్గరగా చూడాలని ఉంది. నాలుగు నెలలుగా చూస్తున్నా, దాని మీద ఏముందో తెలియలేదు."

"మైళ్లున్నాయి. చెప్పానుగా."

"మీరు చెప్పారు. నేను చూడాలి." ఆమె తలెత్తి ఆయన చేతుల వైపు చూసింది. "ఈసారి ఖాళీ చేతులతో వచ్చారే."

మర్యాద తప్పానని ఎత్తిపొడిచిందనుకున్నాడు గొలోబా. ఏదో గొణిగి తిరిగొచ్చాడు. ఆమె ఆశ పెట్టుకుందనీ, ఆ రాయి మీద మైళ్లు కళ్లారా చూసి ధైర్యం తెచ్చుకుందామనుకుంటోందనీ తోచింది. కానీ అడిగిందల్లా అదొక్కటే. తొమ్మిదేళ్లలో ఆమె ఎవర్నీ ఏదీ అడగగా ఆయన వినలేదు. ఇంటికొచ్చి, ఫోను మీది టోపీ తీసి, ఒకటి నొక్కాడు.

ఆదివారం గదిలో చోటు లేదు. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. బొమ్మ వచ్చింది. మనుషులకి మొహాలొచ్చాయి, మొహాలకి ముడతలొచ్చాయి. ఇరవయ్యేళ్ల పిల్ల అని గొలోబా చెప్పుకొచ్చిన కథానాయికకి నలభై దాటి ఉన్నాయి. వాకిట్లో తిరిగే తెల్లమేక అని ఆయన చెప్పుకొచ్చింది కాస్తా మెడకు పట్టీ కట్టుకుని పడుకుని ఉంది.

"ఈ మేక ఎముక కొరుకుతోంది సాలోంగో," అన్నాడు కతెండె.

గది గొల్లుమంది. గొలోబా కూడా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు. అంతలో రాయి వచ్చింది. తెర నిండా వచ్చింది. దాని మీద ఒక పేరు, పేరు కింద రెండు సంవత్సరాల అంకెలు, మధ్యలో గీత. అంకెలు చదవడానికి మేష్టారు కానక్కర్లేదు.

"మైళ్లు కావవి," అన్నాడు కతెండె, ఈసారి నెమ్మదిగా. "పుట్టిన ఏడు, పోయిన ఏడు."

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే చాప వైపు తిరిగారు. గొలోబా తిరగలేదు. నసూనా ముందుకి వంగి ఆ రాయిని చాలాసేపు చూసింది. తర్వాత చేట ఒళ్లోకి లాక్కుని మళ్లీ రాళ్లేరసాగింది.

"పోయాడన్నమాట," అంది. "ఒక మనిషిని చంపడానికి మీకు నాలుగు నెలలు పట్టింది సాలోంగో."

"నేను... నీ కోసం..."

"నా మొగుడికి మా వాళ్లు శవం బదులు అరటి బోదె పాతిపెట్టి కర్మంతా ఎప్పుడో ముగించారు. ఏడవాల్సింది నేను ఏడ్చేశాను. ప్రతి ఆదివారం మీరు వస్తాడు వస్తాడు అంటుంటే, ఈయన నాకే చెబుతున్నాడేమో అనుకున్నా. ఉన్నచోటే ఉండు, ఎవరి వైపూ చూడకు అని."

గొలోబాకి ఒక్కసారిగా సిగ్గుతో చెవులు మండాయి. ఆమె మనసు కాపాడుతున్నానని నాలుగు నెలలు తన దారికి తనే అడ్డంగా రాయి పాతుకుని, పైగా దాని మీద మైళ్లు కూడా వేశాడు. ఇంత తెలివితక్కువవాడికి నోరెందుకిచ్చాడో దేవుడు.

తెర మీద తెల్లవారింది. రొట్టెలాయన గడపలోకి వచ్చాడు.

"చూడండి, ఎంత శుభ్రంగా కనిపిస్తున్నాడో," అంది నసూనా. "దొంగ మొహమా అది?"

గొలోబా చూశాడు. యాభై దాటిన మనిషి. కనుబొమల్లో పిండి. తనే ఇస్త్రీ చేసుకున్న చొక్కా, ఒక పక్కే నలగకుండా ఉంది.

"కాదు," అన్నాడు.

"మరి ఏమంటున్నాడు?"

రొట్టెలాయన నోరు తెరిచాడు. అలా తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోయాడు. తెర మధ్యలో గుండ్రంగా చక్రం తిరగసాగింది. కింద అక్షరాలు ఇంకా రానేలేదు.

"అంత పెద్ద బొమ్మని లాగలేకపోతోంది లైను. ఆపి పెడతాను," అంటూ లేచింది బబిర్యె.

"కూర్చో," అన్నాడు కతెండె.

గొలోబా గొంతు సవరించుకున్నాడు. మైకు ఉంటే బాగుండుననిపించింది, పట్టుకోవడానికైనా.

"అంటున్నాడు... ఈ గేటు దాకా నేను రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ వెనక్కి పోయి రొట్టె నేనే తిన్నాను. నా బతుకంతా నోటితోనే గడిచింది. ఈ ఒక్క మాట దగ్గరే అది పెగల్లేదు." ఆగాడు. "నాకు ఒంటరిగా ఉంది, అంటున్నాడు. నీ ఇంట్లో కూర్చోనిస్తే, ఇక కథలు చెప్పను అంటున్నాడు."

చక్రం తిరుగుతూనే ఉంది.

"ఆమె అంటోంది," అంది నసూనా, చేట మీంచి కళ్లెత్తకుండా, "రెండుసార్లు కాదు, మూడుసార్లు. మొదటి రెండుసార్లూ కిటికీలోంచి చూశానంటోంది. మూడోసారి చేతిలో రొట్టె కూడా లేదంటోంది." ఒక రాయి ఏరి బయటికి విసిరింది. "రేపు రమ్మంటోంది. గేటు తీసే ఉంటుందట. కథలు మానక్కర్లేదట."

చక్రం ఆగింది. రొట్టెలాయన మాట పూర్తి చేశాడు, గడపలో ఆవిడ ఏదో జవాబు చెప్పింది, కింద తెల్లటి అక్షరాలు గదిలో మూలనున్నవాడికి కూడా కనిపించేంత స్పష్టంగా వచ్చి వెళ్లాయి. గదిలో ఎవరూ అటు చూడటం లేదు. కతెండె ఒక్కడే చదివాడు. చదివి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సాలోంగో చెప్పిందే," అన్నాడు.