బొంత అంచున పది అంకెలు

ఆ కుట్లు విప్పింది నేనే. బంగ్లాదేశ్ జమాల్‌పూర్‌లో మా కార్ఖానా పని అదే. గిన్నెలవాళ్లు ఊళ్లలో సత్తు సామాన్లిచ్చి మార్చుకొచ్చిన పాత బొంతల్ని కత్తిరించి, చిరుగుల మీద పూలు కుట్టి సంచులు చేస్తాం. వంకర కుట్టు నా కంటపడితే నేను ఊరుకోను. విప్పేసి, తడిపి, సూది బెజ్జాలు కూడా మూసుకుపోయేలా గోటితో రుద్దుతాను. ఆ పనితనం ఇంకెవరికీ లేదని నాకు పొగరు.

సోమవారం జొబెదా ఖాలా అనే ఆవిడ వచ్చింది. ఖాలా అంటే మా వైపు పిన్నమ్మ. బొంతలు కొనేవాళ్ల గుమ్మాలన్నీ తిరుగుతోందట. కాళ్లకు చెప్పుల్లేవు.

"ఎర్రంచు చీరల బొంత తల్లీ. మూల మీద నల్లదారంతో పిచ్చిగీతల్లా ఉంటాయి."

కోడి గీకినట్టున్న ఆ గీతల్ని ముందురోజే పీకేశాను. పూలు కుట్టిన సంచిని మళ్లీ విప్పాలంటే బద్ధకం, పీకేశానని ఒప్పుకోవాలంటే నామోషీ.

"అలాంటిది రాలేదు ఖాలా. పక్కవాళ్లనడుగు," అన్నాను.

గురువారం మళ్లీ వచ్చింది. ఈసారి ఏడుస్తూ ఆ గీతలేమిటో చెప్పింది. అవి ఫోను నంబరు. కూతురు మొర్జినా రియాద్‌లో ఇంటిపనికి వెళ్లింది. పొరుగావిడ ఫోనుకు ఒక్కసారి చేసి, "ఈ ఇంటివాళ్లు మంచోళ్లు కాదమ్మా. ఇది పక్కింటి డ్రైవరు నంబరు, మనవాడే. రెండు నెలలు నా కబురు లేకపోతే ఆయనకు చెయ్యి. ఊరికే చేశావంటే నన్ను చంపేస్తారు," అంది. ఖాలాకు చదువు రాదు. పొరుగావిడ బొగ్గుముక్కతో బొంత మీద అంకెలు గీస్తే వాటి వెంటే కుట్టుకుంది. తర్వాత పొరుగావిడ ఎటో వెళ్లిపోయింది. గడువు తీరిన రోజున చూస్తే బొంత లేదు. ఆడపడుచు దాన్నిచ్చి గిన్నె పుచ్చుకుంది.

"నా దగ్గరే ఉంది ఖాలా. అబద్ధం చెప్పాను," అన్నాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సంచి చింపాను. నా పూలన్నీ పీకాను. నమూనాలు అచ్చువేసే నీలంపొడి గుడ్డమీద రుద్దితే, నేను సరిగ్గా మూయలేకపోయిన బెజ్జాల్లోకి నీలం దిగింది. జీవితంలో మొదటిసారి నా పని చెడినందుకు దేవుడికి మొక్కాను. ఒక్కో అంకే తేలింది. తొమ్మిది తేలాయి. పదోది కత్తెరకు పోయింది. ఆ పేలిక ఏ దిండులో ఎక్కడికి పోయిందో అల్లాకే తెలియాలి.

"ఇప్పుడెట్లా తల్లీ?"

"సున్నా నుంచి తొమ్మిది దాకా పదే కదా ఖాలా. ముందు సౌదీ కోడు పెట్టి అన్నీ కొడదాం."

సున్నా పలకలేదు. ఒకటికి ఎవడో అరబ్బీలో తిట్టాడు. రెండు, మూడు మోగి మోగి ఆగాయి. నాలుగుకు ఏదో రికార్డు మాట వచ్చింది. అయిదుకు పసిపిల్ల ఎత్తి నవ్వింది. ఖాలా నా భుజం పట్టుకుని వేళ్లు దిగేసింది. ఆరుకు మన బెంగాలీ పలికింది, ఆ డ్రైవరే.

"మొర్జినా వాళ్లమ్మా? మీ కోసమే చూస్తున్నా ఖాలా. వాళ్లు ఆమె ఫోను లాక్కున్నారు. అయినవాళ్లు అడగందే ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. మంగళవారం దాకా పైగది కిటికీ తట్టేది. తర్వాత చప్పుడు లేదు."

మంగళవారం. సోమవారమే నేను నోరు విప్పి ఉంటే. ఆ మాట నాకెవరూ అనక్కర్లేదు, నేనే అనుకుంటూ చస్తాను.

"నాయనా, ఆ కిటికీ కిందికి వెళ్లు. ఫోను పైకెత్తి పట్టుకో," అంది ఖాలా.

అతని అడుగులు, గేటు కిర్రుమనడం వినపడ్డాయి. కార్ఖానాలో కుట్టుపనంతా ఆగిపోయింది. ఖాలా నా ఫోను రెండు చేతులా పట్టుకుని అరిచింది. "మొర్జినా, నేనే. అమ్మని."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అతను గుసగుసగా అన్నాడు. "తట్టింది ఖాలా. ఒక్కసారి తట్టింది."

"ఇంకోసారి తట్టమను నాయనా."

ఇంకోసారి రాలేదు. నా ఫోనులో డబ్బులైపోయి లైను తెగేదాకా ఆమె కూతుర్ని పేరుపెట్టి పిలుస్తూనే ఉంది.