నేల తిన్న చొక్కా

పొద్దున్నే కమ్మిన మంచులో చేను ఎక్కడ అయిపోతుందో, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. ఆమె పార పట్టుకుని ముందు నడుస్తోంది. మరిది ట్రాక్టరును గట్టు మీద ఆపి ఆవలిస్తూ వెనకాలే వస్తున్నాడు. అతనికి ట్రాక్టరంటే పెళ్లాం కంటే ఎక్కువ.

ఇది ఇద్దరికీ ఉమ్మడి చేను. ఆమె భర్త పోయి ఏడాదైంది. చివరి నాలుగేళ్లూ అతను దున్నడం మానేశాడు. కోత కోశాక మిగిలిన కొయ్యకాళ్లు తగలబెట్టకుండా వాటి మధ్యే జనుము చల్లేవాడు. "ఆకులు గాల్లో కర్బనాన్ని పీల్చి, వేళ్లతో నేలలో దాస్తాయే. దున్నితే అదంతా మళ్లీ గాలిపాలు" అనేవాడు. ఊరు నవ్వింది. ఊరికి అంతకంటే పనేముంది!

ఇక దున్నాల్సిందేనని మరిది పట్టుబట్టాడు. మట్టి పరీక్షలు చేసే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. నూలు గుడ్డ పాతిపెట్టి రెండు నెలలకు తవ్వాలి. ప్రాణమున్న నేలైతే తినేస్తుంది. గుడ్డ గుడ్డలాగే ఉంటే దున్నుకోవచ్చు.

ఇల్లంతా గాలించినా అచ్చమైన నూలుది ఒక్కటే దొరికింది. ఆమె స్వయంగా కుట్టిన భర్త చొక్కా. అతను పోయినప్పట్నుంచీ ఆమె దిండు కిందే ఉంది. మరిదికి చెప్పకుండా అదే పాతేసింది.

అప్పట్నుంచీ ఒకటే కల. నేలలో చొక్కా మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు. ఆ మనిషి ఇన్నేళ్లు వంగి ఈ మొక్కల మీద వదిలిన ఊపిరిని ఆకులు పీల్చే ఉంటాయి, వేళ్లు దాచే ఉంటాయి. ట్రాక్టరు దిగితే అదీ పోతుంది. అందుకే చొక్కా చివికిపోవాలని కోరుకుంది. అలా కోరుకున్నందుకు ఏడ్చింది కూడా.

రెండు నెలలు నిండిన ఈ పొద్దున పార తొక్కకుండానే దిగింది. నల్లటి మట్టి, వానపాములు. గుడ్డ పీలిక కూడా లేదు. ఆమె కుట్టిన పాలిస్టరు దారం మాత్రం మిగిలింది. భుజాల వంపు, చేతుల అంచు, జేబు, అన్నీ తెల్లటి గీతల్లా ఉన్నాయి.

మరిది వంగి చూసి, అలాగే కూలబడ్డాడు.

"వదినా, ఈ వంకర జేబు... అన్నయ్యదే కదా?"

ఆమె తలూపింది.

"దారమైనా తీసుకెళ్దామా?" అడిగాడు మరిది.

"వద్దులే," అంటూ ఆమె చేత్తో మట్టి కప్పింది. "నువ్వు దున్నవుగా. ఇంకెక్కడికీ పోదు."