అయ్యగారి బరువు

పొద్దున్నే ఆరింటికి అయ్యగారిని కాటా ఎక్కించడంతో ఆ ఫారంలో రోజు మొదలయ్యేది.

అయ్యగారంటే యజమాని కాదు, గుర్రం. యజమానిని ఎవరూ చూడలేదు. ఆయన ఫోన్లోనే ఉంటాడు. అయ్యగారు నల్లటి థరోబ్రెడ్, నుదుటి మీద వేలిముద్రంత తెల్లమచ్చ. ఐదో ఏడు దాకా పందేల్లో గెలవాల్సినవన్నీ గెలిచి, తర్వాత పదహారేళ్లుగా ఇక్కడ పిల్లల తండ్రి ఉద్యోగంలో ఉన్నాడు. అందరూ ఒళ్లొంచి చాకిరీ చేస్తుంటే, ఏడాదికి ఐదు నెలలు, అదీ పూటకి పది నిమిషాలు పనిచేసి, మిగతా కాలమంతా మాలీసు చేయించుకునేవాణ్ణి అయ్యగారనక ఇంకేమంటామని గుర్రాల్ని చూసుకునే సైసులు ఆ పేరు పెట్టారు.

తాడు పట్టుకునేది పెద్ద సైసు. అంకె చూసి పుస్తకంలో రాసేది ఆయన మేనకోడలు. ఇరవై మూడేళ్ల ఆ పిల్లని అందరూ లెక్కలమ్మ అంటారు. కాటా ఇరవై గ్రాముల తేడా కూడా చూపిస్తుంది.

అయ్యగారి బరువు మేతకి పెరిగేది కాదు, లద్దెకి తగ్గేది కాదు. రెండు సంగతులకే మారేది. ఎక్కడైనా ఆయన పిల్ల ఒకటి నేల మీద పడితే రెండువందల గ్రాములు తగ్గేవి. ఏ పిల్లయినా చచ్చిపోతే ఆ రెండువందలూ తిరిగొచ్చేవి. సముద్రం అవతల పుట్టినా అంతే, అవతల చచ్చినా అంతే. కాటా పక్కన నీళ్ల తొట్టి ఉన్నట్టు, తొట్టికి పాచి పట్టినట్టు, ఇదీ అక్కడ మామూలే. అంకె పెరిగిన రోజు పెద్ద సైసు రేడియో కట్టేసేవాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

వచ్చిన రోజు అయ్యగారు ఐదువందల ఎనభై కిలోలు. మొదటి సీజన్లో యాభై రెండు పిల్లలు. వాటిలో ఒకటి పెద్ద పందెం కొట్టగానే ఆడగుర్రాల వరస పెరిగింది. నిరుడు నూట ముప్ఫై ఒకటి. పదహారు సీజన్లకి మొత్తం పదమూడువందల నలభై. సగటున ఏడాదికి ఎనభై నాలుగు, అంటే వారానికి ఒకటిన్నర పైనే. వాటిలో జీవితంలో ఒక్కటంటే ఒక్క పందెమైనా గెలిచినవి ఏడువందల రెండు. ఈ లెక్కంతా లెక్కలమ్మ ఎవరూ అడక్కుండానే ఒక మధ్యాహ్నం కూర్చుని తీసింది. తీశాక ఆమెకి నిద్ర పట్టని ప్రశ్న ఒకటి మిగిలింది. తక్కిన ఆరువందల ముప్ఫై ఎనిమిదీ ఏం చేస్తున్నాయి?

దానికి మేనేజరు దగ్గర జవాబుంది. ఆడగుర్రాలు తెచ్చేవాళ్లందరికీ ఆయన ఒకే మాట ఇచ్చేవాడు. "పిల్ల పరిగెత్తలేదా, మాకు తిరిగిచ్చెయ్యండి. దాని ఆయువు తీరేదాకా మేం మేపుతాం." అలా తిరిగొచ్చినవాటిని వెనక శాలలో కట్టేసేవారు. శాల నిండాక లారీ వచ్చి దూరపు బీడుకి తీసుకెళ్లేది. ఆరుగంటల ప్రయాణమట. ఆ బీడుని ఫారంలో ఒక్కరూ చూసినవాళ్లు లేరు.

మూడు వారాల కిందట ఒక సోమవారం లారీలో ముప్ఫై ఒకటి వెళ్లాయి. మంగళవారం పొద్దున అయ్యగారు ఆరు కిలోల రెండువందలు పెరిగాడు. ఇదివరకు లారీ వెళ్లిన మర్నాడు అంకె ఎప్పుడూ ఇలా ఎగరలేదు.

లెక్కలమ్మ మూడుసార్లు కాటా సున్నా చేసి మళ్లీ తూచింది. తర్వాత పుస్తకం పట్టుకుని మేనేజరు గదికెళ్లింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగుతున్నాడు. ముప్ఫై ఒకటిని రెండువందలతో హెచ్చవేస్తే ఎంతో చెప్పింది. ప్రపంచం మీద ఆయన పిల్లలు వెయ్యి పైన ఉన్నాయని, ఎక్కడో ఏదో రోగం తగిలుంటుందని మేనేజరు అన్నాడు.

"సరిగ్గా ముప్ఫై ఒకటికే తగిలిందా సార్?"

"నీ పని అంకె రాయడం," అన్నాడు మేనేజరు. "కథ రాయడం కాదు."

ఆ టీ ఆయన నెత్తిన పోయాలనిపించి, చేతులు వెనక్కి కట్టుకుని బయటికొచ్చింది. యజమానికి పదకొండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. దారిలో మేనమామ ఆపాడు.

"ఊరుకో తల్లీ. మనం తినేది ఇక్కడి తిండే."

"అవీ ఇక్కడి తిండే తిన్నాయి కదా మామయ్యా."

పెద్ద సైసు అయ్యగారి మెడ మీద లేని దుమ్ము దులిపాడు.

లెక్కలమ్మ మంటకి ఇంకో కారణం ఉంది. వెనక శాలలో చిటికె ఉంది. మూడేళ్ల కిందట నెల ముందుగా పుట్టిన ఎర్ర పిల్ల. గడ్డి మీద తడిగుడ్డలా పడి ఉంటే, పంతొమ్మిది రోజులు సీసాతో పాలు పట్టి నిలబెట్టింది లెక్కలమ్మే. అది పుట్టిన రోజు అయ్యగారు తగ్గింది నూట ఇరవై గ్రాములే. పదమూడువందల నలభైలో అంత తక్కువ తీసుకున్న పిల్ల ఇంకోటి లేదు. తండ్రి దగ్గర చిటికెడే తెచ్చుకుందని ఆ పేరు. దానివల్ల ఎవరికీ ఏ సుఖమూ లేకపోయింది. నాలుగు పందేలు పరిగెత్తింది. మూడింటిలో ఆఖరు. నాలుగోదాంట్లో మధ్యలో ఆగిపోయి, కంచె అవతల జనాన్ని చూస్తూ నిలబడింది. జాకీ దిగి నడిపించుకొచ్చాడు. మర్నాడే తిరిగి పంపేశారు, ఆ ముప్ఫై ఒకటీ వెళ్లిన వారంలోనే.

అంకె నూట ఇరవై పెరిగిన రోజు తనకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదని లెక్కలమ్మకి తెలుసు. అందుకే రోజూ ఆరింటికి ముందు చివరి రెండంకెలే చూసేది.

సీజను ముందు ఏడాదికోసారి ఆడగుర్రాల సొంతదారుల్ని పిలిచి అయ్యగారిని చూపించే రోజు వచ్చింది. ఆ రోజు తెల్లవారి లెక్కలమ్మ వెనక శాలకెళ్తే, శాల కడిగి ఉంది. అతిథులు చూస్తారని ఐదింటికే లారీ ఎక్కించేశారు. గోడ మేకులకి పంతొమ్మిది ముఖతాళ్లు. చిటికెది చివరి మేకుకుంది.

ఆ ముఖతాళ్లు చూడగానే ఆమెకి సంగతి అర్థమైంది. బీడుకి పోయే గుర్రానికి ఎవరూ ముఖతాడు విప్పరు. అక్కడ దాన్ని పట్టుకోవాలంటే అదే ఆధారం. మళ్లీ పట్టుకోవాల్సిన పని లేని గుర్రానికే విప్పుతారు.

పరుగున వెళ్లి లారీని వెనక్కి పిలవమని మేనేజరుని అడిగింది. అతిథులొచ్చే వేళకి ఈ గోలేమిటన్నాడు. డ్రైవరు నంబరడిగింది. ఇవ్వలేదు. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే మర్యాదగా వినేది. ఐదింటికి బయల్దేరిన లారీ, ఆరుగంటల దారి. పదకొండుకి చేరుతుంది. అయ్యగారిని కాటా ఎక్కించి చూపించేది కూడా పదకొండుకే. లెక్కలమ్మ ముఖం కడుక్కుని, పుస్తకం చంకన పెట్టుకుని కాటా దగ్గర నిలబడింది.

అరవై మంది దాకా వచ్చారు. మేనేజరు మూడేళ్ల కిందట తనే గోడకి పెట్టించిన పెద్ద ఎర్రంకెల బోర్డు వెలిగించాడు. పెద్ద సైసు అయ్యగారిని ఎక్కించాడు. 347.48.

"వేరే ఫారాలు పిల్లల లెక్క కాగితాల్లో చూపిస్తాయి," అన్నాడు మేనేజరు. ఏటా అనేదే. "కాగితం అబద్ధమాడుతుంది. కాటా ఆడదు. ఐదువందల ఎనభై కిలోలతో వచ్చాడు. మీరే తీసెయ్యండి."

ముందు వరసలో ఒక పెద్దావిడ ఉంది. రిటైరైన పళ్ల డాక్టరు. రెండు నెలల కిందట తన గుర్రాన్ని తిరిగిచ్చింది. ఇవాళ దాన్ని చూసిపోదామని సంచీ నిండా కారట్లు తెచ్చి, అది బీడులో హాయిగా ఉందని మేనేజరు చెబితే నమ్మి, ఆ సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ వేళ్ల మీద లెక్కేసింది.

"పదమూడువందల నలభై పుడితే మూడువందల పన్నెండు ఉండాలి కదా. ముప్ఫై అయిదు కిలోలు ఎక్కువుందేం?"

"పదహారేళ్లలో పోయినవి ఉంటాయి కదండీ."

"నూట డెబ్భై ఏడు పోయాయి," అంది లెక్కలమ్మ. తననెవరూ అడగలేదు. "పదహారేళ్లలో నూట నలభై ఆరు. మూడు వారాల కిందట, ఒక్క రోజులో, ముప్ఫై ఒకటి. ముందు రోజు ఇక్కణ్ణుంచి లారీలో వెళ్లినవి ముప్ఫై ఒకటి. ఇవాళ పంతొమ్మిది వెళ్లాయి. ఈపాటికి లారీ చేరుంటుంది. బోర్డు చూస్తూ ఉండండి."

మేనేజరు నవ్వబోయాడు. బోర్డు మీద అంకె 347.68 అయింది.

గడియారంలో నిమిషం ముల్లు రెండు గీతలు దాటింది. 347.88.

"దించు దాన్ని," అన్నాడు మేనేజరు.

పెద్ద సైసు పదహారేళ్లలో ఆ మనిషి మాటకి ఎదురు చెప్పింది లేదు. తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. అయ్యగారు ఎంతో బుద్ధిగా తాడు కొస నములుతున్నాడు.

"అయ్యగారు దిగనంటున్నారు సార్," అన్నాడు పెద్ద సైసు.

348.08.

పళ్ల డాక్టరమ్మ లేచి వచ్చింది. సంచీ కాటా అంచున పెట్టబోతే లెక్కలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "దాని మీద వద్దండీ." ఆవిడ సంచీని వెనక్కి తీసుకుని గుండెకి ఆనించుకుంది.

"మావాడు ఏ లారీ?"

"ఏ గదిలో ఉండేవాడండీ?"

"పదిహేడు."

లెక్కలమ్మ పుస్తకం తెరవలేదు. "మూడు వారాల కిందటిది," అంది.

ఆవిడ ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. మేనేజరు ముందుకెళ్లి, ముప్ఫై ఏళ్లు జనం చేత నోరు తెరిపించిన గొంతుతో చెప్పింది. "ఫోను తియ్యి. డ్రైవరుకి చెయ్యి. మా అందరికీ వినపడేలా."

ఆవిడ వెనక అరవై మందీ లేచి నిలబడ్డారు. అందరి పిల్లలూ ఆ బోర్డులో ఉన్నాయి. మేనేజరు తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. నంబరు నొక్కేలోగా అంకె 348.28 అయింది. అటు మోగుతుండగా 348.48.

"చెప్పండి సార్," అన్నాడు డ్రైవరు. వెనక ఏదో యంత్రం చప్పుడు. "ఐదు అయిపోయాయి. ఆరోదాన్ని లోపలికి లాగుతున్నారు."

బీడులో యంత్రమెందుకుందని ఎవరూ అడగలేదు. "ఆపమను," అంది డాక్టరమ్మ. మేనేజరు ఆపమన్నాడు. పెద్దగా చెప్పమంది. అరిచాడు. డ్రైవరు అవతలెవరికో కేకేశాడు.

"ఆరోది ఏ రంగు?" అడిగింది లెక్కలమ్మ.

"ఎర్రది. చిన్నది. దీంతో చస్తున్నామమ్మా. ఎంత లాగినా గుమ్మం దాటదు. అక్కడే ఆగిపోయి మనుషుల్ని చూస్తా నిలబడింది."

అరవై మంది బోర్డు వంక చూశారు. లెక్కలమ్మ మాత్రం అందులో చివరి రెండంకెలే చూసింది. నలభై ఎనిమిది. నలభై ఎనిమిది. ముల్లు ఐదు గీతలు దాటింది. పది దాటింది. నలభై ఎనిమిదే.

సాయంత్రానికి లారీ పద్నాలుగింటితో తిరిగొచ్చింది. చిటికె దిగుతూ పలక మీద సగంలో ఆగి అందర్నీ ఒకసారి చూసింది. "చాల్లే, దిగు," అని కసిరింది లెక్కలమ్మ. పద్నాలుగింటికీ ముఖతాళ్లు తొడిగింది. మేకులకి ఐదు మిగిలాయి. వాటిని తెచ్చి బోర్డు కింద, ఎవరొచ్చినా ముందు అవే కనబడేలా వేలాడదీసింది. నాలుగో రోజున మేనేజరు తన పెట్టె సర్దుకుని వెళ్లిపోయేటప్పుడు వాటి పక్కనుంచే వెళ్లాడు, తల తిప్పుకుని. ఆ సీజనుకి అయ్యగారి దగ్గరికి రావాల్సిన నూట నలభై ఆడగుర్రాల్లో నూట పద్దెనిమిది రాలేదు. యజమాని ఫోన్ చేశాడు. ఈసారి లెక్కలమ్మ ఎత్తలేదు.

లారీ తిరిగొచ్చిన మర్నాడు ఆరింటికి పెద్ద సైసు అయ్యగారిని కాటా ఎక్కించాడు. రేడియో పెట్టలేదు.

"ఎంత?" అన్నాడు. పదహారేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

"మూడువందల నలభై ఎనిమిది కిలోల నాలుగువందల ఎనభై."

"రాయి," అన్నాడు మేనమామ. "అవతలి పేజీలోకి దిగేలా నొక్కి రాయి."